పెద్దకూర లెక్క

గొడ్డు మాంసంలో మీకు లాభమెంత అని మమ్మల్ని అడుగుతారు. మేము ఖురేషీలం. కత్తి మా చేతిలో ఉంది కాబట్టి గల్లాపెట్టె కూడా మాదేననుకుంటారు. సరే, లెక్క చెబుతాం. వినండి.

అసలు ఈ నేల మీద కూర కోసమని గొడ్డును పెంచే రైతెవరు? పాలకు బర్రెను పెంచుతారు, దుక్కికి ఎద్దును పెంచుతారు. పాలు ఎండాక, కాళ్లు సడలాక మిగిలిందే మా పెద్దకూర. ఆ ముసలి గొడ్డుకు వచ్చే ఆఖరి ధర రైతుది. దానికి ఇంకొంత కలిపితేనే అతని కొట్టంలోకి కొత్త బర్రె వస్తుంది.

సంతలో మా అబ్బా చెయ్యి, పటేలు చెయ్యి ఒకే తువ్వాల కింద ఉండేవి. వేళ్లు పట్టుకుని బేరం.

"సాయిబూ, ఇంకో వేలు పెంచు. బిడ్డ పెండ్లుంది."

"బొక్కలే ఉన్నయ్ గదా పటేలా!"

తువ్వాల తీశాక ఇద్దరూ చాయ్ తాగేవారు. సంత రుసుము, లారీ కిరాయి, తోలు, బొక్కలు ఎవరి వాటా వాళ్లకు పోయేది. మాకు మిగిలేది ఆ రోజు కూలి.

ఇక మగదూడ లెక్క. బర్రె మగదూడను ఈనితే దానికి పాలు విడిచేదెవరు? పాలు కేంద్రానికి పోతాయి, దూడ ఆకలితో పోతుంది. దాన్నే రెండేళ్లు మేపితే ధర పలుకుతుంది. గడ్డి సొంతమైతేనే సుమా! దాణా కొంటే ఆ లాభం దాణా అంగడిదే. ఈ మాట మేమంటే కసాయి మాట. 11వ పంచవర్ష ప్రణాళికలో మగ దున్నదూడలను బతికించి పెంచే పథకం పెట్టింది మాత్రం కేంద్ర ప్రభుత్వమే. ఆవు, ఎద్దు మాంసం ఎగుమతిని నిషేధించి, బర్రె మాంసం ఓడలకెక్కించి డాలర్లు తెచ్చుకుంటున్నదీ ఈ దేశమే.

చట్టం మాకు తెలియనిది కాదు. 1977 చట్టం ఆవునూ దూడనూ కోయొద్దంది. పనికిరాని ఎద్దుకూ బర్రెకూ సర్టిఫికెట్ అడిగింది. 2017 మేలో కేంద్రం సంతల్లో కోతకు పశువులు అమ్మొద్దని నిబంధనలు తెచ్చింది. మద్రాసు హైకోర్టు ఇచ్చిన స్టే దేశమంతటికీ వర్తిస్తుందని అదే జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. స్టే కాగితానికే వచ్చింది. రాత్రి దారి మీద బండి ఆపి పేరడిగే వాళ్ల కర్రలకు రాలేదు.

అబ్బా లేడు. పటేలు కొడుకు ఫోను చేస్తాడు: "భాయ్, ఎద్దు లేవలేకపోతుంది, తీస్కపో." సర్టిఫికెట్ తెచ్చుకున్నా బండి కట్టడానికి మాకు ధైర్యం చాలదు. ఎద్దు అక్కడే కూలబడి ఉంటుంది. అతని కొత్త ఎద్దు రాదు. మా పొయ్యి వెలగదు.

ఇప్పుడు చెప్పండి. లాభంలో ఇంతమంది వాటాదారులు. నేరంలో మాత్రం మేమొక్కరమేనా?