మూడు తులాలు, రెండు తూకాలు

మా నాయనమ్మకున్న బంగారం రెండే వస్తువులు: పెళ్లినాటి గుండ్లపేరు, 1980ల్లో తాత కొన్న చంద్రహారం. తాత లెక్కల పుస్తకంలో రెండింటి ఎదురుగా ఒకటే రాసి ఉంది, ‘మూడు తులాలు’ అని. అందుకే నాయనమ్మ బతికున్నన్నాళ్లూ ఒకటే మాట చెప్పేది: “గుండ్లపేరు పెద్దదానికి, హారం చిన్నదానికి. ఇద్దరికీ సమానం.” ఆమె సంవత్సరీకం అయ్యాక బోరబండలో ఓ నగల దుకాణానికి వెళ్లి రెండూ తూకం వేయించాం. గుండ్లపేరు 34.860 గ్రాములు తూగింది. హారం 29.980.

చిన్నత్త మొహం మాడిపోయింది. హారం ఒకసారి కుదువకు పోయొచ్చిన వస్తువు మరి. మా ఇంటికి పై అంతస్తు వేసినప్పుడు నాన్నే దాన్ని ఓ షావుకారు దగ్గర పెట్టి, తర్వాత విడిపించుకొచ్చాడు.

“అన్నా, నువ్వు తీసినవని అంటలేను. ఆడ ఎవడన్న రెండు లంకెలు తీసిండేమో,” అంది.

నాన్న పలకలేదు. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

నా ఉద్యోగం హైటెక్ సిటీలో, ఎంఎంటీఎస్ ఎక్కితే తర్వాతి స్టేషనే. ఒక పట్టికలోని అంకె ఇంకో పట్టికతో ఎందుకు కలవలేదో వెతకడమే రోజంతా నా పని. ఇంట్లో అందరూ లంకెలు లెక్కపెడుతుంటే నేను తాత పుస్తకం ముందేసుకున్నాను. హారం రశీదు అందులోనే మడత పెట్టి ఉంది. బరువు: 30 గ్రాములు. అంటే హారంలో పోయిందేమీ లేదు. నాన్న గండం గట్టెక్కింది కానీ చిక్కు పెద్దత్త మీదికి మళ్లింది. గుండ్లపేరు ఎందుకు ఎక్కువ తూగినట్టు?

“అంటే నేనేమన్న గుండ్లు కలిపిన్నా?” అని ఆమె కోపం. చిన్నత్త అల్లుడిది విజయవాడ వైపు. “గ్రాములెందుకండీ, నాలుగు కాసుల పైచిలుకు,” అని ఎనిమిది గ్రాముల కాసుల్లో లెక్క మొదలుపెట్టాడు. ఉన్న కొలతలు చాలవన్నట్టు!

34.860ని మూడుతో భాగిస్తే 11.62. ఆ అంకె పట్టుకుని మా గల్లీ చివర ముసలి అవుసలాయన దగ్గరికి పోయాను. ఆయన వినీ వినగానే, “గది కల్దారు తులం బిడ్డా. మీ నాయనమ్మ దగ్గర పాత రూపాయలుంటే పట్కరా,” అన్నాడు.

నాయనమ్మ గుడ్డ సంచిలో రెండు రకాల వెండి రూపాయలున్నాయి. కొన్నింటి మీద ఇంగ్లండు రాజు తలకాయ, కొన్నింటి మీద చార్మినార్. ఆయన ఇత్తడి త్రాసు తీసి ఒక తట్టలో గుండ్లపేరు, రెండో తట్టలో మూడు చార్మినార్ రూపాయలు వేశాడు. గుండ్లపేరు కిందికి దిగింది. వాటిని తీసి మూడు రాజు రూపాయలు వేశాడు. ముల్లు అటూ ఇటూ ఊగి, మధ్యలో నిలబడింది. పక్కనున్న నాన్న అప్పుడు నవ్వాడు.

ఈస్టిండియా కంపెనీ 1833లో తులాన్ని 180 గ్రెయిన్లుగా, అంటే 11.66 గ్రాములుగా ఖాయం చేసింది. వాళ్ల వెండి రూపాయి బరువూ అంతే కాబట్టి రూపాయే తూకపు రాయి అయింది. ఆ రూపాయినే మనవైపు కల్దారు అనేవాళ్లు. నిజాం రూపాయి, హాలీ సిక్కా, సుమారు 11.18 గ్రాములు. వెండి పాలు కూడా తక్కువే గనక ఏడు హాలీలిస్తే ఆరు కల్దార్లు వచ్చేవి. నిజాం ఏలుబడిలో పుట్టిన మా ముత్తాత కోడలికి కల్దారు తూకంతోనే బంగారం పెట్టాడన్నమాట. అది ఆయన గొప్పతనమో, బజారు మర్యాదో తాత పుస్తకంలో లేదు. మెట్రిక్ తూకాలు 1958 అక్టోబరు నుంచి మెల్లమెల్లగా వచ్చాయి. తర్వాత్తర్వాత దుకాణాలు పది గ్రాములనే తులం అనడం మొదలుపెట్టాయి. తాత హారం కొన్నది ఆ లెక్కనే. పన్నెండు మాషాల తులం, పది గ్రాముల తులం ఒకే పుస్తకంలో ఒకే అక్షరాలతో కూర్చున్నాయి.

లెక్క తేలాక పెద్దత్త రెండున్నర గ్రాముల ఖరీదు చెల్లెలి చేతిలో పెట్టింది. నాన్న ఇస్తానంటే, “అమ్మ సమానమన్నది మా ఇద్దరికి, నీకు గాదు,” అని వద్దంది.

మీ ఇళ్లలోనూ ఇలాంటి పుస్తకాలుంటే, పంపకాల దాకా ఆగకుండా ఇప్పుడే తూకం వేయించి, ప్రతి వస్తువు ఎదురుగా బరువు గ్రాముల్లో, పక్కన తేదీ రాసిపెట్టండి.