రెండేళ్ళ మాట

వియత్నాంలో బెన్ హై నది మీది హియెన్ లువాంగ్ వంతెనను నాలుగు నిమిషాల్లో దాటేశాను. ఉత్తరపు సగం నీలం, దక్షిణపు సగం పసుపు.

1954లో ఫ్రెంచివారు ఓడిపోయాక, జెనీవా ఒప్పందం ఈ నది దగ్గరే దేశాన్ని రెండు చేసింది. రెండేళ్ళలో ఎన్నికలు జరిపి మళ్ళీ కలుపుతామన్నారు. ఆ మాట నమ్మి ఎందరో దక్షిణాది యోధులు ఆలుబిడ్డలను వదిలి ఉత్తరానికి వెళ్ళారు. ఒప్పందం అమలు చూసే సంఘానికి మన దేశమే అధ్యక్షత వహించింది.

కమ్యూనిస్టులు గెలుస్తారని జంకి, దక్షిణాది ప్రభుత్వం అమెరికా అండతో ఎన్నికలు జరపనేలేదు. 1965లో అమెరికా పోరాట దళాలే దిగాయి. 1967లో బాంబులకు వంతెన కూలింది. నేను నడిచింది మళ్ళీ కట్టినది. యుద్ధం ముగిసింది 1975లో!

దక్షిణపు టొడ్డున, బిడ్డతో ఉత్తరానికేసి చూస్తున్న ఇల్లాలి విగ్రహం ఉంది. రెండేళ్ళన్న మాట అలాంటి తల్లులకు 21 ఏళ్ళయింది.

తిరుగుదారిలో నా అడుగులు త్వరగా పడలేదు.