మూడో అంకె

మతిమరుపు జబ్బుల్లో (డిమెన్షియాలో) మతిమరుపు ఒక్కటే ఉండదు. అనుమానాలు, లేని మనుషులు కనిపించడం, రాత్రంతా ఇల్లంతా తిరగడం, చిరాకు, దిగులు, దేనిమీదా మనసు లేకపోవడం, అన్నీ ఉంటాయి. మెదడు కణాలు నశించే జబ్బులో ఇవీ భాగమే. జర్మన్ వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్ 1906లో వివరించిన మొదటి రోగిలో ముందుగా బయటపడింది కూడా భర్త మీద అనుమానమే.

ఈ లక్షణాలు రక్తపరీక్షకు అందవు, స్కానింగ్‌లో కనబడవు. రోగిని రోజూ కనిపెట్టుకుని ఉండే మనిషిని కూర్చోబెట్టి అడగాల్సిందే. అలా అడగడానికి ఎక్కువగా వాడేది న్యూరోసైకియాట్రిక్ ఇన్వెంటరీ. అమెరికా న్యూరాలజిస్టు జెఫ్రీ కమింగ్స్ బృందం 1994లో దాన్ని 10 అంశాలతో ప్రకటించింది. తర్వాత నిద్ర, ఆకలి చేరి 12 అయ్యాయి.

హైదరాబాద్‌లోని ఒక మెమరీ క్లినిక్‌లో ఆ ఉదయం అత్తగారు బయట కొడుకు పక్కన కూర్చున్నారు. కోడలిని మాత్రం సైకాలజిస్టు లోపలికి పిలిచింది. రోగి ఎదుట ఇంట్లోవాళ్లు నోరు విప్పలేరు, అందుకే ఈ ఏర్పాటు.

"తన వస్తువులు ఎవరో తీశారని మీ అత్తగారు అంటుంటారా అమ్మా?"

"ఎవరో కాదు మేడమ్, నేనే తీశానంటారు. గొలుసు తనే బియ్యం డబ్బాలో దాచిపెట్టి, నా బీరువా అంతా కిందపడేస్తారు."

"ఎన్నిసార్లు?"

"ఎప్పుడూ అంతే."

సైకాలజిస్టు పెన్సిల్ కాగితం మీదే ఆగింది. "ఎప్పుడూ" అన్నది లెక్కలోకి రాదు. నిన్న అన్నారా, మొన్న అన్నారా, ఆదివారం చుట్టాలొచ్చినప్పుడో, అని ఒక్కో రోజూ వెనక్కి నడిపించాకే 4 చుట్టూ సున్నా చుట్టింది. రోజూ జరిగేదానికి 4, వారానికి ఒకసారి కూడా లేనిదానికి 1. తీవ్రతకు 1 నుంచి 3. నచ్చజెబితే కాస్త తగ్గుతారు కాబట్టి ఇక్కడ 2 పడింది. రెండూ గుణిస్తే 8.

మూడో అంకె వేరు. "దీనివల్ల మీకెంత కష్టంగా ఉంది?" 0 నుంచి 5. కోడలు చాలాసేపు మాట్లాడలేదు. సైకాలజిస్టు పెన్సిల్ పక్కన పెట్టి, తొందరపెట్టకుండా కూర్చుంది. "పక్కింటివాళ్ల ముందు కూడా దొంగ అంటారు మేడమ్." అక్కడ 5 పడింది. ఆ 5 మొత్తంలో కలవదు, విడిగా ఉంటుంది. అయినా ఆ కాగితంలో అన్నిటికంటే విలువైన అంకె అదే.

అల్జీమర్స్‌లో ఎక్కువగా కనిపించేది నిరాసక్తత. దాని గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు. గొడవ చేయని ముసలాయన గురించి ఇంట్లో అడిగితే "బాగానే ఉన్నారు" అంటారు. అందుకే అడిగి రాబట్టాలి.

లక్షణం జబ్బు పేరు కూడా చెబుతుంది. లేని పిల్లలో జంతువులో స్పష్టంగా కనబడుతుంటే లూయీ బాడీ జబ్బును అనుమానించాలి. అందులో కొన్ని మానసిక రోగ మందులు మనిషిని ప్రమాదకరంగా బిగదీసేస్తాయి. జ్ఞాపకశక్తి బాగానే ఉండి, మర్యాద, జాలి, సిగ్గు పోతుంటే ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా కావచ్చు. పార్కిన్సన్స్‌లో హఠాత్తుగా పట్టుకున్న జూదం పిచ్చి వాడుతున్న మందు వల్లే రావచ్చు. రెండు రోజుల్లో మనిషి మారిపోతే మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నొప్పి, కొత్త మాత్ర, వీటిని ముందు చూడాలి.

ఇంత అడగడానికి అరగంట కావాలి. కిక్కిరిసిన ఓపీలో ఆ అరగంట దొరకదు. ఈ రోజు ఏ వారం, ఇది ఏ ఊరు అని అడిగి, నిద్రమాత్రో మానసిక రోగ మందో రాసి పంపేయడం మామూలైపోయింది. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో కొన్ని మానసిక రోగ మందులు మరణ ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. ఆ మాట ఇంటివాళ్లకు చెప్పకుండా చీటీ చేతిలో పెట్టడం అన్యాయం. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని అంచనా, అంటే దాదాపు 88 లక్షల మంది. ప్రతి ఒక్కరి వెనకా ఇలాంటి కోడలో కూతురో భార్యో ఉంటారు.

ఆ రోజు కోడలికి మందు చీటీ ఇవ్వలేదు. వాదించొద్దు, కలిసి వెతకండి, ఒక గిల్టు గొలుసు ఆవిడ డబ్బాలోనే ఉంచండి అని చెప్పారు. ఆరు వారాలకు మళ్లీ రమ్మన్నారు. కొడుకు వస్తానంటే ఒప్పుకోలేదు. చెప్పే మనిషి మారితే అంకెలు పోల్చడానికి వీలుండదు, అందుకని కోడలే రావాలి.