ఇద్దరు పడుకునే గుడారం

"తొమ్మిది వేలా! ఈ గుడ్డకా?"

సంక్రాంతి సెలవులకు కారంపూడి వెళ్లినప్పుడు నా చేతిలోని సంచి అందుకుని, బరువు చూస్తూ నాన్న అన్న మొదటి మాట అది. సంచి కిలోన్నర కూడా లేదు. "ఇందులో ఇద్దరు పడుకుంటారా?" అన్నది రెండో మాట. మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. రెండోదానికి ఉంది. మూడు నెలలుగా ఆఫీసు పని కంటే శ్రద్ధగా నేను చదివింది టెంట్ల గురించే.

ఇదంతా మా అమ్మాయి పుణ్యం. ఎనిమిదో తరగతి. స్కూలు వాళ్లు తీసుకెళ్లిన శిబిరంలో ఒక రాత్రి టెంటులో పడుకుని వచ్చింది మొదలు ఒకటే పాట. మనకూ ఒక టెంటు ఉండాలి, వీపున వేసుకుని నడవాలి, నచ్చినచోట వేసుకోవాలి. వాళ్లమ్మకు పురుగూ పుట్రా అంటే భయం కాబట్టి వెళ్లేది మేమిద్దరమే. వేసవిలో హిమాచల్ కొండలకు తీసుకెళ్తానని మాటిచ్చాను.

నచ్చినచోట వేసుకోవడం అన్నది అన్నిచోట్లా కుదరదు. నార్వేలో 1957లోనే దీనికి చట్టం చేశారు. సాగులో లేని నేల ఎవరిదైనా సరే, ఇళ్లకు 150 మీటర్ల దూరంలో టెంటు వేసుకుని రెండు రాత్రులు ఉండొచ్చు. స్కాట్లండ్‌లోనూ 2003 చట్టం అలాంటి హక్కే ఇచ్చింది. మనకు అలాంటిదేమీ లేదు. మాచర్ల దాటితే వచ్చే అడవి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోది. అక్కడ అనుమతి లేకుండా రాత్రి గడపడం నేరం, పైగా పులి ఉంటుంది. కాబట్టి హిమాచల్‌కు ముందు రిహార్సల్ మా మిరప చేలోనే అని తేల్చుకున్నాం.

ఇక టెంటు ఎంచుకోవడం. పెళ్లి సంబంధం చూసినట్టే. అన్నీ ఉన్నది దొరకదు, దొరికినది అందుబాటులో ఉండదు.

"ఇద్దరి టెంటు" అంటే ఇద్దరు హాయిగా దొర్లేది అనుకున్నాను. కాదు. రెండు సన్నటి పరుపులు పక్కపక్కన పరిస్తే ఇక చెయ్యి పట్టని టెంటు అని అర్థం. చాలావాటికి అడుగు వెడల్పు 130 సెంటీమీటర్లు, అంటే నాలుగడుగుల మంచం కంటే ఒక పిడికెడు ఎక్కువ. సామాన్లు బయట చూరు కిందే.

తర్వాత బరువు. చవకవి మూడు కిలోలు తూగుతాయి. కిలోకి అటూ ఇటూగా ఉండేవి ముప్పై, నలభై వేలు పలుకుతాయి. చవకవాటికి ఫైబర్ గ్లాస్ పుల్లలు వేస్తారు. అవి బరువు, పైగా నిలువునా చీలతాయి. అల్యూమినియం పుల్లలు తేలిక, విరగడానికి ముందు వంగుతాయి. బరువు రాసేటప్పుడు కూడా ఒక తిరకాసుంది. కొందరు మేకులూ తాళ్లూ సంచీ కలపకుండా రాస్తారు. మోసేది మాత్రం మనం అన్నీ కలిపే.

వాన ఆగుతుందా అన్నదానికి ఒక లెక్క ఉంది. గుడ్డ మీద గొట్టం నిలబెట్టి నీళ్లు పోస్తే ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు దాకా కారకుండా ఆపుతుందో అదే దాని అంకె. 1500 ఉంటే మామూలు వానకు చాలు. 3000 అయితే ధైర్యం. అడుగు గుడ్డకు ఇంకా గట్టిదనం కావాలి. తడి నేల మీద మోకాలు ఆనిస్తే ఆ ఒత్తిడికి చెమ్మ పైకి ఎక్కుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, పొరలు రెండు ఉండాలి. లోపల దోమతెర, పైన వానగుడ్డ, మధ్య గాలి ఆడటానికి ఖాళీ. రాత్రంతా ఇద్దరి ఊపిరిలోని తడి చల్లని గుడ్డకు తగిలి నీళ్లవుతుంది. ఒకటే పొరైతే తెల్లారేసరికి ఆ నీళ్లు మన దుప్పటి మీదే. చాలామంది టెంటు కారిందని తిట్టుకునేది ఈ తడిని చూసే.

చివరగా, తమంతట తాము నిలబడే టెంట్లు కొన్ని, మేకులు కొట్టి తాళ్లు లాగితేనే నిలబడేవి కొన్ని. రెండో రకం తేలిక, ధరలోనూ నాకు అందింది. అదే కొన్నాను. మేకు దిగని నేలలు కూడా ఉంటాయని ఆ క్షణాన గుర్తుకు రాలేదు. పల్నాడులో పుట్టి!

ఆ సాయంత్రం నాన్నకు టెంటు పాఠం చెబుతుండగానే గేటు దగ్గరికి ఒకామె వచ్చింది. మిరప కోతకు కోసిగి వైపు నుంచి వచ్చిన ముఠాకు మేస్త్రీ. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి ఏటా వేల కుటుంబాలు ఇలా గుంటూరు, పల్నాడు పొలాలకు వస్తాయి. పిల్లాజెల్లా, కుండాచట్టీ మూటగట్టుకుని వచ్చి, కోతలు అయ్యేదాకా చేలగట్ల మీదే ఉంటాయి.

"పట్ట చినిగింది పెద్దయ్యా. ఈ యేడన్నా కొత్తది ఇప్పిస్తానంటివి" అంది ఆమె.

"కాయలు అమ్మనీయమ్మా, చూద్దాం" అన్నాడు నాన్న.

కూలీ, దారి ఖర్చులూ, బియ్యంతో పాటు పట్ట కూడా ఒప్పందంలోదేనట. ఆమె నా చేతిలోని పసుపుపచ్చ గుడ్డ వంక ఒకసారి చూసి వెళ్లిపోయింది. నేను పాఠం కొనసాగించాను.

మర్నాడు పొద్దు వాలుతుండగా చేనికి వెళ్లాం. మా అమ్మాయికి నాగులేటి ఒడ్డు నచ్చింది. "వద్దు తల్లీ. ఏటికి మనం కనబడతామా? పైన ఎక్కడ కురిసినా ఇక్కడికే వస్తుంది" అన్నాడు తాతయ్య. ఆ మాట నేను చదివిన ప్రతి పుస్తకంలోనూ ఉంది, ఇంత పొట్టిగా మాత్రం ఎక్కడా లేదు. కళ్లం పక్కన చదునుగా, కాస్త మెత్తగా ఉన్న జాగా ఎంచుకున్నాను. ఎండుతున్న కాయల ఘాటుకు తుమ్ముకుంటూ పని మొదలుపెట్టాం.

మొదటి మేకు నల్లరేగడి నెర్రెలో పడి, వదులైన పన్నులా ఊగింది. రెండోది జానెడు లోతున నాపరాయికి తగిలి కొడవలిలా వంగింది. మూడోది దిగింది గానీ తాడు లాగగానే పెళ్లతో సహా పైకొచ్చింది. గంట గడిచింది. టెంటు ఇంకా నేల మీదే ఉంది. కోత ముగించుకున్న కూలీలు చుట్టూ చేరి చూస్తున్నారు. మా అమ్మాయి వాళ్ల పక్షాన చేరి నవ్వుతోంది.

మేస్త్రీ మా మీద జాలిపడింది. "మేకు నిలువుగా కొడితే ఈ నేల పట్టదు సారూ" అంటూ కంపలోంచి మూరెడు తుమ్మకర్ర తెచ్చింది. తాడు దాని నడుముకు కట్టింది. గడ్డపారతో జానెడున్నర గుంట తీసి కర్రను అడ్డంగా పడుకోబెట్టి, మట్టి కప్పి, కాలితో తొక్కింది. "ఇప్పుడు లాగు." బలమంతా పెట్టి లాగాను. కదల్లేదు. మంచులో, ఇసుకలో పర్వతారోహకులు వాడే పద్ధతి ఇదేనని చదివాను. ఆమె దానికి పేరేమీ పెట్టలేదు. రాయి తగిలినచోట యూరియా సంచిలో మట్టి నింపి దానికే తాడు కట్టింది. పావుగంటలో టెంటు నిలబడింది.

తర్వాత చుట్టూ తిరిగి చూసి తల అడ్డంగా ఊపింది. "జాగా మంచిది కాదు. మెత్తగా ఉందంటే నీళ్లు నిలిచి ఆరిన తావు అది. ఈడ పాపను పండబెట్టొద్దు. గట్టు మీదికి రాండి."

జనవరిలో వానేమిటి అనుకున్నాను. అంత కష్టపడి నిలబెట్టింది విప్పడానికి మనసొప్పలేదు. "ఒక్క రాత్రికే కదమ్మా" అన్నాను.

ఆమె గుడారం గట్టు మీద ఉంది. రెండు పంగలకర్రలు, వాటి మీద ఒక వాసం, దాని మీద పట్ట. అంచుల మీద మట్టి సంచులు. గాలికి వీపు పెట్టిన వాకిలి. చుట్టూ చిన్న బోదె, దాని వాలు కిందికి. పట్ట చిరిగిన చోట యూరియా సంచులు అతికించి కుట్టి ఉన్నాయి.

రాత్రి మంచు బాగా పడింది. చలికి భయపడి నేను గాలి కిటికీలు మూసేశాను. ఏం జరుగుతుందో తెలిసి మరీ! నడిరేయికి లోపలి తెర తడిసి ముఖాన చుక్క పడింది. లేచి కిటికీలు తీస్తుంటే ఇంకో చుక్క. ఇది బయటి నుంచి. సన్నటి జల్లు. "కాయలు! కాయలు!" అని ఎవరో అరిచారు.

తర్వాత అరగంట టెంటు సంగతి ఎవరికి గుర్తుంది? మంచుకని సాయంత్రమే కాయల మీద పట్టలు కప్పి ఉన్నాయి, కానీ గాలికి అంచులు లేస్తున్నాయి. ఎండుకాయ తడిస్తే రంగు పోయి తాలుకాయ కింద లెక్క. ఏడాది కష్టం, చేసిన అప్పు అన్నీ ఆ పట్టల కిందే. సెల్‌ఫోన్ల వెలుగులో ముఠా అంతా కళ్లం చుట్టూ పరుగెత్తింది. మట్టి సంచులు, రాళ్లు, చేతికందినవి అంచుల మీదికి ఎత్తింది. మేమూ ఎత్తాం. కాయలు తడవలేదు.

అప్పుడు చూశాను. కాయల మీద ఉన్న మూడు పట్టలూ కొత్తవి. చిరిగింది మనుషుల మీద ఉంది.

తిరిగి వచ్చేసరికి మా టెంటు అడుగున నీళ్లు చేరాయి. పైన 3000 మిల్లీమీటర్ల గుడ్డ తన పని తాను చేసింది. కింద నేలను ఎంచింది నేను. దుప్పట్లు పిండితే కారుతున్నాయి. ఏం చేయాలో తోచక నిలబడితే, "పాపను ఈడికి తోలు సారూ. నువ్వూ రా" అని ఆమే పిలిచింది.

లోపల వరిగడ్డి, దాని మీద కుట్టిన సంచులు, పైన చాప. ఒక మూల చుక్కలు పడుతుంటే కింద సత్తు గిన్నె పెట్టారు. మిగతా అంతా పొడిగా, వెచ్చగా ఉంది. అయిదుగురు ఉండేచోట ఏడుగురమయ్యాం. ఆమె కూతురిదీ మా అమ్మాయి ఈడే. ఊళ్లో ఏడో తరగతి దాకా చదివిందట. పరీక్షలకు వెనక్కి వెళ్తావా అని మా అమ్మాయి అడిగితే, "కోతలు అయితే కదా" అంది. కాసేపటికి ఇద్దరూ ఒకే దుప్పటిలో నిద్రపోయారు.

మా ఊళ్లో ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు పల్నాటి వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. మూడో రోజు మందపోరు, ఆ రోజే చాపకూడు. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని బయటివాళ్లకు గొప్పగా చెప్పుకుంటాం. నేనూ ఎందరికో చెప్పాను. మా పొలంలో ఏటా పడే ఆ గుడారంలో చాప మీద కూర్చోవడం మాత్రం నాకదే మొదటిసారి. రాత్రంతా సత్తు గిన్నెలో చుక్కల చప్పుడు వింటూ కూర్చున్నాను. తొమ్మిది వేలు అన్న నాన్న మాట ఆ చప్పుడుకి తోడుగా వినబడుతూనే ఉంది.

తెల్లారి నాన్న కాయలు చూసుకోవడానికి వచ్చాడు. గుడారంలోంచి బయటికొస్తున్న మనవరాలిని చూశాడు. వాసానికి వేలాడుతున్న సత్తు గిన్నెనూ చూశాడు. నేను ఏదో చెప్పబోతే చేత్తో వద్దన్నాడు. "బండి తియ్యి. ఆమెను కూడా ఎక్కించుకో" అన్నాడు.

దుకాణంలో ఆమె పట్ట ఎంచిన తీరు చూడాలి. రంగు చూడలేదు. కంపెనీ పేరు అడగలేదు. రెండు వేళ్ల మధ్య నలిపి మందం చూసింది. వెలుతురుకు ఎత్తి పట్టి సూదిబెజ్జాలు వెతికింది. అంచున తాడు కట్టే రింగులో వేలు దూర్చి గట్టిగా లాగింది. మడతలో నలిగి తెల్లబడిన చోట ముందు చిరుగుతుందని ఒకదాన్ని పక్కన పెట్టించింది. చివరికి ఎంచినదాన్ని భుజాన వేసుకుని నాలుగడుగులు నడిచి చూసింది. ఊరికి పోయేటప్పుడు మూటలో మోసేది తనే కదా. రెండున్నర వేలయింది. నాన్న డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, నా వైపు తిరిగి అన్నాడు.

"ముందే ఈమెను అడిగుంటే నీ గుడ్డ కూడా సరిగ్గా కొని పెట్టేది."

మే నెలలో హిమాచల్ వెళ్లాం. అనుమతి ఉన్నచోట, దేవదారు చెట్ల మధ్య అదే టెంటు. నేను సంచి విప్పబోతుంటే మా అమ్మాయి ఆగమంది. నేల మీద మోకాళ్లూని అరచేత్తో నొక్కి చూసింది.

"ఇక్కడ వద్దు నాన్నా. మెత్తగా ఉంది" అని పైన గట్టు వైపు నడిచింది.