కూర్మ గ్రామానికి ఎవరొస్తారు?

శ్రీకాకుళం జిల్లా హిరమండలం మండలంలో, అంతకాపల్లి దగ్గర కొండల పంచన కూర్మ గ్రామం ఉంది. 2018లో ఏర్పడిన ఊరు. ఇస్కాన్ సన్న్యాసి భక్తివికాస స్వామి మార్గదర్శకత్వంలో ఆయన శిష్యులు కట్టుకున్నారు. కరెంటు లేదు, టీవీ లేదు, ఇళ్ళలో సెల్‌ఫోన్లు మోగవు. గృహస్థులు, బ్రహ్మచారులు, గురుకులం పిల్లలు అందరూ కలిపినా వందకు లోపే జనం. పత్రికల్లో, టీవీల్లో ఈ ఊరి గురించి ఎప్పుడొచ్చినా ఫ్యాను లేకుండా, మిక్సీ లేకుండా ఎలా బతుకుతున్నారన్న ఆశ్చర్యమే ఉంటుంది. మా తాతల కాలంలో ఉత్తరాంధ్ర అంతా అలాగే బతికింది కాబట్టి ఆ ఆశ్చర్యం నాకంతగా లేదు. నేను తెలుసుకోవాలని వెళ్ళింది మూడు సంగతులు: ఇక్కడికి వచ్చి చేరినవాళ్ళు ఎవరు, ఎలా వచ్చారు, పక్క ఊళ్ళవాళ్ళు ఎందుకు చేరలేదు.

మూడో ప్రశ్నకు జవాబు అక్కడికి చేరకముందే దొరికింది. నన్ను తీసుకెళ్ళిన ఆటో ఆయనది ఆ చుట్టుపక్కల ఊరే. కూర్మ గ్రామం మీద ఆయనకు ఎంతో గౌరవం, వచ్చినవాళ్ళను దింపినప్పుడల్లా తనూ దణ్ణం పెట్టుకుని వస్తాడట. మీరూ వచ్చి ఉండొచ్చుగా అన్నాను. "ఆళ్ళు సదువుకున్నోలు బాబూ. రేపొద్దున్న వద్దనుకుంటే ఎల్లి ఉజ్జోగం సూసుకుంటారు. మనకలా కుదర్దు గదా" అన్నాడు. కోపంతోనో ఈసడింపుతోనో అన్న మాట కాదు. ఉన్నదున్నట్టు చెప్పాడు.

లోపల మొదట నా చూపు గోడల మీద నిలిచింది. సిమెంటు లేదు, ఇనుప ఊచ లేదు. ఇసుక, సున్నంలో బెల్లం నీళ్ళు, నానబెట్టిన కరక్కాయ, మెంతులు, మినుములు రుబ్బి కలిపి కట్టిన ఇళ్ళు. చేత్తో తడిమితే పైపూత నున్నగా, చల్లగా ఉంది. పూత రాలిన ఒక మూల మాత్రం ఇసుక గరుకు తగిలింది. బెల్లం పట్టునిస్తుంది, కరక్కాయ గట్టిదనాన్నిస్తుంది, మినుముల జిగురు పగుళ్ళు రాకుండా ఆపుతుంది అని కట్టిన ఆయనే వివరించారు. ఈ పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు కోటలు, పాత గుళ్ళు బాగుచేసే చోట తప్ప కనపడరు. ఒక గోడ లేవాలంటే రుబ్బాలి, పులియబెట్టాలి, వారాల తరబడి ఆగాలి. సిమెంటు బస్తా విప్పితే సాయంత్రానికి అయ్యే పని ఇది. అంత ఓపిక ఖర్చుపెట్టగలిగారంటే, వాళ్ళకు ఆ తీరిక ఎక్కడినుంచో వచ్చి ఉండాలి.

ఆ గోడ కట్టినాయన ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నన్ను "ప్రభూ" అని పిలుస్తూ, అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి తన కథ చెప్పారు. ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో పక్క గదిలో ఉన్న స్నేహితుడు ఆదివారం గుడికి లాక్కెళ్ళేవాడు. అక్కడ ప్రసాదం బాగుండేది. తర్వాత పుస్తకం, తర్వాత జపమాల, ఉద్యోగంలో చేరాక నగరంలో భక్తుల గది, ఆ తర్వాత దీక్ష. "నన్నెవరూ వాదించి ఒప్పించలేదు ప్రభూ. నా వాళ్ళనుకున్నవాళ్ళంతా అటే వెళ్తుంటే నేనూ వెళ్ళాను" అన్నారు. మిగతావాళ్ళను కదిపినా ఇదే దారి. ఒకరు బావమరిది వెంట వచ్చారు, ఒకరు రూమ్మేటు వెంట. పుస్తకం మాత్రమే చదివి, ఎవరూ తెలియకుండా నేరుగా వచ్చానన్న మనిషి నాకు తగల్లేదు.

సమాజశాస్త్రంలో ఇది పాత సంగతే. 1960ల మొదట్లో జాన్ లోఫ్లాండ్, రోడ్నీ స్టార్క్ కొరియాలో పుట్టి అమెరికాలో అప్పుడే అడుగుపెట్టిన మూన్ మతాన్ని దగ్గరుండి గమనించి, 1965లో వ్యాసం రాశారు. కొరియా నుంచి వచ్చిన ప్రచారకురాలి ఉపన్యాసాలకు పెద్దగా ఎవరూ రాలేదు. ముందు చేరింది ఆమెకు దగ్గరైన ఇరుగుపొరుగు గృహిణులు, ఆ వెనక వాళ్ళ భర్తలు, ఆపైన భర్తలతో పనిచేసేవాళ్ళు. సిద్ధాంతం తలకెక్కడం చాలామందికి తర్వాతి మాట. ఇస్కాన్ మీదే ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన బర్క్ రోచ్‌ఫర్డ్ 1985లో తెచ్చిన పుస్తకంలో మరో సంగతి చూపించాడు: అమెరికాలో వీధుల్లో, విమానాశ్రయాల్లో పుస్తకాలు పంచి మనుషుల్ని తెచ్చుకోవడమూ జరిగింది, తెలిసినవాళ్ళ ద్వారా రావడమూ జరిగింది. మన దగ్గర ఆ రెండో దారే వెడల్పు. బంధువులు, స్నేహితులు, ఊరివాళ్ళు లేకుండా మనం పెళ్ళిసంబంధమే చూడం, దేవుణ్ణి మార్చుకుంటామా?

ఈ గ్రామం పేరు వినగానే ఈ జిల్లావాళ్ళకు శ్రీకూర్మం క్షేత్రం గుర్తొస్తుంది. 1510 ప్రాంతంలో, ఇస్కాన్ వాళ్ళు కొలిచే చైతన్య మహాప్రభువు దక్షిణ యాత్రకు వస్తూ శ్రీకూర్మంలో ఆగారు. చైతన్య చరితామృతం చెప్పే కథ ప్రకారం, ఆయనకు ఆతిథ్యమిచ్చిన కూర్ముడనే బ్రాహ్మణుడు ఇల్లూ వాకిలీ వదిలి వెంట వస్తానని కాళ్ళమీద పడ్డాడు. చైతన్యులు వద్దన్నారు. ఇంట్లోనే ఉండి నామం చెప్పుకోమన్నారు, ఎదురైనవాళ్ళందరికీ కృష్ణుడి గురించి చెప్పమన్నారు. ఇస్కాన్‌లో ఈ ఘట్టాన్ని తరచూ తలుచుకుంటారు. స్టార్క్ చెప్పిన పరిచయాల దారి ఈ కథలోనే ఉందని నాకనిపించింది. వదిలి వచ్చెయ్యమన్న మాట మాత్రం అందులో లేదు. ఆ సంగతే ఎత్తితే ఒక బ్రహ్మచారి నెమ్మదిగా, "ఇది కూడా ఇల్లే కదండీ, అడవి కాదు" అన్నాడు. నిజమే, నాగలి, ఆవులు, కూరపాదులు, పిల్లల అల్లరి, అన్నీ ఉన్న ఊరది.

బుర్రలు మార్చేసి చేర్చుకుంటారని బయట ఒక అనుమానం ఉంది. లండన్‌లో సమాజశాస్త్రవేత్త ఐలీన్ బార్కర్ మూన్ మతం శిబిరాలకు వెళ్ళినవాళ్ళ లెక్క తీసి 1984లో పుస్తకం వేసింది. శిబిరం దాకా వెళ్ళినవాళ్ళలోనే నూటికి 90 మందికి పైగా చేరలేదు. మత్తుమందు అయితే అంతమంది తప్పించుకోగలరా? కూర్మ గ్రామం నియమాలు విన్నవాళ్ళూ చాలామంది వెనక్కే వెళ్తారు. మాంసం లేదు, టీ కాఫీలు సహా మత్తు ఏదీ లేదు, జూదం లేదు, పెళ్ళి బయట సంబంధం లేదు. తెల్లవారుజామునే మంగళహారతి. 108 పూసల మాల రోజుకు 16 సార్లు తిప్పాలి. కష్టం ఎక్కువైతే సంఘం చెదిరిపోతుందనుకుంటాం. కాని సమాజశాస్త్రవేత్త రోజబెత్ మాస్ కాంటర్ 19వ శతాబ్దపు అమెరికా సమష్టి గ్రామాలు 30 తీసుకుని చూస్తే, ఎక్కువ త్యాగం అడిగినవే ఎక్కువ కాలం నిలిచాయి. 1972లో ఆమె రాసిన ఈ మాట కూర్మ గ్రామం అరుగు మీద కూర్చుంటే నమ్మబుద్ధేస్తుంది.

అయితే త్యాగం చెయ్యాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఇదే మండలంలో వంశధార జలాశయం కోసం ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేసి వెళ్ళిన జనం ఉన్నారు. పొలాలు పోయాయి, గుళ్ళు మునిగాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుర్రాళ్ళు కూలిపనికి హైదరాబాదు, చెన్నై బస్సులెక్కుతూనే ఉన్నారు. కరెంటు లేని రాత్రిని తెచ్చి వాళ్ళకిస్తే అందులో వాళ్ళకు దేవుడు కనపడడు. ఇది కూర్మ గ్రామస్థుల తప్పు కాదు. వాళ్ళు ఎవర్నీ రావద్దనడం లేదు, వచ్చినవాళ్ళకు కడుపునిండా పెట్టి పంపుతున్నారు. గుమ్మం తెరిచే ఉంది, కాని దాన్ని దాటడానికయ్యే ఖర్చు అందరికీ ఒకటి కాదు.

పేదవాళ్ళు చేరే గుమ్మాలు వేరే ఉన్నాయి. 19వ శతాబ్దంలో కెనడా నుంచి వచ్చిన బాప్టిస్టులు బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి, పాలకొండల్లో నిలదొక్కుకున్నారు. మాల, మాదిగ పేటల్లో చదువూ ఆస్పత్రీ వెంటబెట్టుకుని వచ్చిన మతం అది. కాని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ అడ్డు తొలగింది, క్రైస్తవులకు తొలగలేదు. సీతంపేట కొండల మీది సవర గిరిజన క్రైస్తవుడికి మాత్రం ఎస్టీ హోదా పోదు. అంటే చర్చికి ఎవరెళ్తున్నారన్నది ఒక లెక్క, వెళ్తున్నామని కాగితం మీద ఎవరు చెప్పగలరన్నది ఇంకో లెక్క. ఇంజనీరు జపమాల పట్టుకుంటే అతని కాగితాల్లో ఏదీ మారదు. ఈ తేడా నాకు మింగుడుపడదు. దేవుణ్ణి ఎంచుకునే స్వేచ్ఛ కులాన్ని బట్టి చవకగానో ఖరీదుగానో ఉండకూడదు. ఇక విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూడ్డానికి కిక్కిరిసే జనానికి చేరడమనే ప్రశ్నే లేదు, ఆ తల్లి పుట్టుకతోనే వాళ్ళది.

ఊళ్ళో ఆడవాళ్ళతో మాట్లాడే వీలు నాకు తక్కువే చిక్కింది. వంట, పిల్లలు, పూలదండలు, అంతా వాళ్ళ చేతిమీదే నడుస్తోంది. భక్తివికాస స్వామి స్త్రీల బాధ్యతల గురించి రాసిన అభిప్రాయాల మీద ఇస్కాన్ లోపలే గట్టి చర్చ జరిగింది. పొయ్యి ముందు కూర్చున్న ఒక మాతాజీని, ఇక్కడికి రావడం మీ నిర్ణయమా, మీవారిదా అని అడిగాను. "ముందు వారిది. ఇప్పుడు నాది" అంది, పుల్ల ఎగదోస్తూ.

పిల్లల సంగతి వేరు. వాళ్ళు చేరలేదు, ఉన్నారు. గురుకులంలో సంస్కృతం, తెలుగు, ఇంగ్లీషు చదువుతున్నారు, వ్యవసాయం నేర్చుకుంటున్నారు. కళ్ళల్లో బెదురు లేదు, ప్రశ్నకు ప్రశ్న వేస్తున్నారు. అయినా అడగాల్సిన మాట ఒకటుంది. 1970ల్లో డాలస్‌లోనూ ఆ తర్వాత వేరే చోట్లా ఇస్కాన్ గురుకులాల్లో పిల్లలు హింసకు గురయ్యారు. 1998లో ఇస్కాన్ సొంత పత్రికలోనే రోచ్‌ఫర్డ్ ఆ చరిత్ర రాశాడు, 2000లో పూర్వ విద్యార్థులు అమెరికాలో కోర్టుకెక్కారు. పెద్దలు తమంతట తాము ఎంచుకున్న బతుకు పిల్లల మీద ఎలా పడుతుందో ఆ సంస్థకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకే గోడ కట్టినాయన్ని సూటిగా అడిగాను: మీ అబ్బాయి పద్దెనిమిదేళ్ళు వచ్చాక వెళ్తానంటే?

"వెళ్తాడు. ఆపను" అన్నారు. పదో తరగతి పరీక్ష రాయించారా అన్నాను. లేదన్నారు. రాయిస్తారా అంటే, ఆలోచిస్తున్నామన్నారు. కొండల కింద ఆ కొద్ది కుటుంబాల జీవితం నాకు చాలా నచ్చింది. నాకు ఆ ఒక్క జవాబు మాత్రం చాల్లేదు, ఆ మాట ఆయనకూ చెప్పాను. ఆలోచించడం ఆపబోమని మాటిచ్చారు. ఈసారి వెళ్తే మాట్లాడాల్సింది ఆయనతో కాదు, అప్పటికి మీసాలొచ్చిన ఆ కుర్రాడితో.