అడుగు నుంచి పూడే గాయం

నాన్న వీపు మీది సెగ్గడ్డను కోసి చీము తీసేశాక డాక్టరు కుట్లు వెయ్యలేదు. అంత లోతైన గాయాన్ని తెరిచే ఉంచి, సెలైన్‌లో తడిపిన గాజు గుడ్డను లోపల వదులుగా పెట్టి పంపించారు. "పైన ముందే మూసుకుంటే లోపల మళ్లీ చీము పడుతుంది. అడుగు నుంచి పూడుకుంటూ రావాలమ్మా" అంది కట్టు మార్చే నర్సు. కట్టు విప్పిన ప్రతిసారీ ముందు అడుగు చూడటం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఆ అడుగున పని ఎంత ఓపికగా సాగుతుందో! నెత్తురు గడ్డకట్టాక తెల్లకణాలు వచ్చి సూక్ష్మక్రిములను, చచ్చిన కణాలను తినేస్తాయి. చోటు శుభ్రపడుతుంటే కొత్త రక్తనాళాలు మొలుస్తాయి, ఫైబ్రోబ్లాస్టులనే కణాలు కొల్లాజెన్ పోగులు అల్లుతాయి. దానిమ్మ గింజల్లా ఎర్రగా, బొడిపెలుగా కనిపించేది అదే. కట్టు తీసేటప్పుడు అక్కడ కాస్త నెత్తురు చెమ్మగిల్లితే ఇంట్లోవాళ్లు కంగారు పడతారు గానీ, లేత నాళాలు అంత సున్నితం. ఫైబ్రోబ్లాస్టుల్లోనే కొన్ని కండరంలా బిగుసుకుని గాయం అంచులను దగ్గరకు లాగుతాయి. పైచర్మం అంచుల నుంచి పాకుతూ వస్తుంది, దానికి చెమ్మ కావాలి. 1962లో జార్జ్ వింటర్ పందుల మీద చేసిన ప్రయోగంలో, ఎండి పక్కు కట్టిన గాయాల కన్నా తడి ఆరకుండా కప్పి ఉంచినవాటి మీద చర్మం త్వరగా కమ్ముకుంది.

మూసుకున్నాక కూడా పని ఆగదు. తొందరలో అల్లిన కొల్లాజెన్‌ను తీసి గట్టిదాన్ని వేసుకోవడం ఏడాది దాకా, ఒక్కోసారి ఆపైనా సాగుతుంది. అయినా మచ్చకు మామూలు చర్మపు బలంలో దాదాపు 80 శాతానికి మించి రాదు. నన్ను ఇంకా కదిలించింది 1740లలో ఇంగ్లండు నౌకాదళానికి చెందిన జార్జ్ ఆన్సన్ యాత్రలోని సంగతి. విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ పట్టిన ఒక ముసలి సైనికుడికి, 1690లో ఐర్లండులోని బోయిన్ యుద్ధంలో తగిలి ఎప్పుడో మానిన గాయాలు యాభై ఏళ్ల తర్వాత మళ్లీ తెరుచుకున్నాయి. పాత మచ్చలోనూ కొల్లాజెన్ అరుగుతూ, మళ్లీ తయారవుతూ ఉంటుంది. విటమిన్ సి లేకపోతే కొత్తది సరిగా తయారుకాదు.

అందుకే మన ఇళ్లలో పెట్టే పత్యం మీద నాకు కోపం. కందిపప్పు చీము పట్టిస్తుందని, గుడ్డు వేడి అని, పులుపు పడదని పుండున్న మనిషికి చారన్నంతో సరిపెడతారు. గాయం పూడాలంటే మాంసకృత్తులు, విటమిన్ సి కావాలి, షుగర్ ఉన్నవాళ్లకైతే అది అదుపులో ఉండాలి. "వద్దే, చీము పడుతుంది" అని మేనత్త చెయ్యి పట్టుకున్నా, నాన్న కంచంలో ముద్దపప్పు వేసి, ఉడికించిన గుడ్డు పెట్టాను. సాయంత్రం జామకాయ కోసిచ్చాను.