పదును వచ్చేదాకా

"గొడ్లు కూడా మెయ్యని గడ్డికి జీతమిచ్చి మనిషిని పెట్టుకున్నారా?"

గోల్ఫ్ కోర్సులో పనికి కుదిరానని ఫోన్లో చెప్పినప్పుడు మా నాన్న అన్న మాట అది. సత్తెనపల్లి దగ్గర నల్లరేగడిలో పత్తి, మిర్చి పండించిన మనిషి. బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివిన కొడుకు అమెరికా వెళ్లి గడ్డి కోస్తున్నాడంటే ఆయనకి నవ్వొచ్చింది. నిజం చెప్పొద్దూ, కొన్నాళ్లు నాకూ నామోషీగానే ఉండేది.

మేముండేది విస్కాన్సిన్ రాష్ట్రంలో ఓ చిన్న ఊరు. అక్కడి కోర్సులో పద్దెనిమిది గుంతలు. ఒక్కో గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి మడిని గ్రీన్ అంటారు. ఆ గడ్డి ఎత్తు దాదాపు మూడు మిల్లీమీటర్లే. మనం నారుమడిని ఎలా చూసుకుంటామో దాన్నీ అలాగే చూసుకోవాలి. చలికాలమంతా మంచు కింద పడుకుని, ఏప్రిల్లో లేస్తుంది. అప్పుడే గేట్లు తెరుస్తాం.

మొదటి ఏడాదే నేనో తప్పు చేశాను. తెల్లవారుజామున గడ్డి మీద ఉప్పు చల్లినట్టు సన్నటి మంచు పేరుకుంటుంది. దాన్ని ఫ్రాస్ట్ అంటారు. అది కరిగేదాకా ఎవరినీ లోపలికి వదలకూడదు. ఆ రోజు నలుగురు పెద్దాయనలు గేటు దగ్గర చలిలో నిలబడ్డారు. పాపమనిపించి వదిలేశాను. మర్నాటికి గ్రీన్ మీద వాళ్ల అడుగులన్నీ నల్లగా తేలాయి. ఫ్రాస్ట్ పట్టినప్పుడు ఆకులోని నీరు గడ్డకట్టి ఉంటుంది. తొక్కితే లోపలి కణాలు చిట్లిపోతాయి. ఆ నల్లటి అడుగులు పోవడానికి చాలా రోజులు పట్టింది. రోజూ వాటి పక్కనుంచే నడిచేవాణ్ణి.

తర్వాత 2018 వచ్చింది. ఏప్రిల్ మధ్యలో మంచు తుఫాను. గ్రీన్ బేలో దాదాపు రెండడుగులు పడింది. రికార్డులు రాయడం మొదలుపెట్టాక విస్కాన్సిన్‌లో అంత చల్లటి ఏప్రిల్ లేదు.

మంచు పడితేనే గడ్డి చచ్చిపోదు. ఒక రకంగా అది దుప్పటే. అసలు ప్రమాదం కరిగి మళ్లీ గడ్డకట్టడంలో ఉంది. పగలు కరిగిన నీళ్లని గడ్డి మొదలు పీల్చుకుంటుంది. రాత్రి ఆ నీళ్లు లోపలే గడ్డకట్టి మొదలుని చీల్చేస్తాయి. పైనుంచి చూస్తే బతికిందో చచ్చిందో తెలీదు.

అందుకని గుంతలు తీసే పనిముట్టుతో ఆరు గ్రీన్ల నుంచి ఆరు ముక్కలు మట్టితో సహా కోసి తెచ్చాను. షెడ్డులో వెచ్చగా ఉన్న కిటికీ పక్కన పెట్టి నీళ్లు చిలకరించాను. పది పన్నెండు రోజుల్లో పచ్చబడితే బతికున్నట్టు. లేకపోతే లేదు.

ఈలోగా మేనేజర్ రోజూ వచ్చేవాడు. "ఫోన్లు ఆగట్లేదు. పక్క కోర్సు తెరిచేశారు. ఇంకో వారం ఇలాగే ఉంటే సీజన్ కుర్రాళ్లకి జీతాలెలా ఇవ్వాలి?" అనేవాడు. అతని బాధలోనూ న్యాయముంది. "ఎరువైనా వెయ్యి" అన్నాడు. నేల చల్లగా ఉంటే వేరు పనిచెయ్యదు, ఎరువు దండగ అన్నాను. నేల వేడి పది డిగ్రీల దగ్గరికి రావాలి. నా థర్మామీటర్ నాలుగు దాటట్లేదు.

ఓ పొద్దున ఆరింటికి నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం నాలుగున్నర. సంగతంతా చెప్పాను. ఈసారి ఆయన నవ్వలేదు.

"తొలకరిలో ఒక్క వాన పడగానే ఊరంతా విత్తనాలు పెడుతుంటే, మనం ఆగిన ఏడాది గుర్తుందా? మీ అమ్మ కూడా తిట్టింది. పదును రాకుండా విత్తితే గింజ పోతుందిరా. పక్క చేలో వాడు విత్తాడని మన చేలో పదును రాదుగా."

మాకు తేమ కోసం ఎదురుచూపు, ఇక్కడ వేడి కోసం. మిగతాదంతా ఒకటే. నామోషీ ఎటు పోయిందో తెలీదు.

పన్నెండో రోజుకి నాలుగు ముక్కలు పచ్చబడ్డాయి. రెండు గడ్డిపరకల్లా ఎండిపోయి ఉన్నాయి. ఆ రెండూ చెట్ల నీడలో, పల్లంలో ఉన్న గ్రీన్లవి. మేనేజర్‌ని పిలిచి ముక్కలు చేతిలో పెట్టాను. కాసేపు తిప్పి చూసి, "ఎప్పుడు?" అనడిగాడు.

"మే మొదటి వారం. ఆ రెండు చోట్లా పక్కన తాత్కాలికంగా గుంతలు తీద్దాం."

అలాగే చేశాం. నష్టం రాలేదని చెప్పను. కొందరు సభ్యులు డబ్బు వెనక్కి తీసుకుని వెళ్లిపోయారు. ఇద్దరు కుర్రాళ్లని ఆలస్యంగా పనిలోకి పిలవాల్సి వచ్చింది. కానీ బతికున్న గ్రీన్లు నిలబడ్డాయి.

చచ్చిన రెండింటిలో, నేల వేడెక్కాక బెంట్ గ్రాస్ విత్తనం చల్లాను. ఆవగింజ పక్కన పెట్టినా కనబడనంత చిన్న విత్తనం. మే నెలాఖరుకి వెంట్రుకల్లాంటి మొలకలు లేచాయి. వీడియో కాల్లో నాన్నకి చూపించాను. ఫోను కళ్ల దగ్గరికి పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నారు పోసినట్టుందిరా. ఎవరినీ తొక్కనివ్వబాక" అన్నాడు.